ఇక్కడ పరుగు మాత్రమే

ఆ వేసవి నాకు చాలా బాగా మొదలైంది. ముందే చెప్పేస్తున్నాను, ఇంకెవరో చెప్పగా మీరు వినడంకన్నా అదే నయం. సముద్రం ఒడ్డున కొత్తగా వేసిన నీలం ట్రాక్ మీద పొద్దున అయిదున్నరకి పరిగెత్తడమంటే నాకు ప్రాణం. అంతకుముందు అక్కడ పగిలిన సీసాలు, ప్లాస్టిక్ సంచులు, వాటి కోసం కొట్లాడుకునే కుక్కలు ఉండేవి. ఏడాది తిరిగేసరికి అదంతా పోయి దీపస్తంభాలు, పచ్చిక, తాగేనీళ్ల కుళాయిలు వచ్చాయి. ట్రాక్ మెత్తగా ఉండి, అడుగు వేస్తే నేలే కాస్త పైకి ఎత్తి పంపినట్టుండేది.

నేను ఒక క్లినిక్‌లో ఎక్స్‌రేలు తీస్తాను. కిటికీ లేని గది. రోజంతా "ఊపిరి బిగబట్టండి, ఇక వదలండి" అని ఊరివాళ్లందరికీ చెబుతుంటాను. ఆ ట్రాక్ మీద మాత్రం నా ఊపిరి నాది. నలభై రెండేళ్ల వయసులో, పెళ్లీడుకొస్తున్న కూతురుండగా, నేను మళ్లీ పరుగు నేర్చుకున్నాను. రోజూ కలిసి పరిగెత్తే ముప్ఫై మందికి ఫోన్‌లో ఒక గ్రూపు ఉండేది. దాని పెద్దకి రెండు చేతులకీ రెండు వాచీలు. ఆయన్ని అందరూ గడియారం గారనేవాళ్లు, ఆయన మురిసిపోయేవాడు.

నన్ను పరుగుకి తరిమింది మా అత్తే. "ఆ చీకటి గదిలో మగ్గి మగ్గి ముఖం పాలిపోయింది నీకు. వెళ్లి నాలుగు అడుగులు పరిగెత్తిరా, అన్నం నేను వార్చుకుంటాలే" అంది. బూటు లేసు తెగిపోతే, వలలు అల్లే ఆకుపచ్చ తాడు తెచ్చి తనే దూర్చి కట్టింది. ఆ తాడు చూసి గ్రూపులో నవ్వేవాళ్లు. నాకేం ఫర్వాలేదనిపించేది.

మా అత్తకి అరవై మూడు. రేవులో పడవలు రాగానే చేపల గంప నెత్తికెత్తుకుని, ఒడ్డు వెంబడే కిలోమీటరున్నర నడిచి బజారుకి చేర్చడం ఆవిడ పని. ముప్ఫై ఎనిమిదేళ్లుగా అదే పని. ఏడింటికి బజార్లో గంట కొడతారు. ఆ తర్వాత వచ్చిన గంప వైపు ఎవడూ కన్నెత్తి చూడడు. అత్త చదివింది అయిదో తరగతే అయినా కనిపించిన అక్షరాన్ని వదిలేది కాదు. మందు సీసా మీద రాసింది కూడా రెండుసార్లు చదివి, "ఇందులో 'అవసరమైతే' అన్నాడు, 'తప్పనిసరిగా' అనలేదు" అని మందు మానేసేది. రేవులో ఆవిడ పేరు ప్లీడరమ్మ.

కొత్త కట్టడంలో ఒడ్డు వెంబడి ఇసుకంతా పోయింది. కింద అలలకి అడ్డంగా బండరాళ్లు పోశారు. పైన పచ్చికకి కంచె వేశారు. రెంటికీ మధ్య మిగిలింది ట్రాక్ ఒక్కటే. రోడ్డు మీదుగా చుట్టు తిరిగి వెళ్తే మూడింతల దూరం. బజారుకి చేరేసరికి గంట మోగి కూడా చాలాసేపవుతుంది.

ట్రాక్ తెరిచిన వారానికి రేవు వైపు ఒక బోర్డు పెట్టారు. పక్కన ఒక కాపలా మనిషి, మెడలో ఈల. నేను అప్పుడే పరుగు ముగించి కుళాయి దగ్గర నీళ్లు తాగుతున్నాను. అత్త, వెనక ఇంకో పంతొమ్మిది మంది ఆడవాళ్లు గంపలతో వచ్చారు. ఈలాయన అడ్డం నిలబడ్డాడు.

"ఇటు రాకూడదమ్మా. బోర్డు చూడండి."

అత్త చదివింది. ఒక్కో మాటా వేలితో గాలిలో రాసుకుంటున్నట్టు చదివింది. "'ఇక్కడ పరుగు మాత్రమే. నడవరాదు. నిలవరాదు. కూర్చోరాదు.' ఇదేనా?"

"అదే. మీరు నడిచి వెళ్తారు కదా. కుదరదు."

"నడవకూడదు, అంతేగా?"

"అంతే."

"సరే బాబూ" అని, అత్త నెత్తిమీద చుట్టకుదురు సర్దుకుని, చీర కుచ్చిళ్లు బొడ్లో దోపి, పరుగు లంకించుకుంది. ఆవిడ వెనక పంతొమ్మిది మందీ పరిగెత్తారు. గంపల్లోంచి నీళ్లు చింది నీలం ట్రాక్ మీద చారలు పడ్డాయి. ఈలాయన ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు.

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. క్లినిక్‌లో అందరికీ చెప్పి నవ్వించాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. కోపం రావలసింది ఆ రోజే. ఆ ఒడ్డున దారంటూ పడిందే వాళ్ల కాళ్లతో. ఆ దారిలో వెళ్లడానికి అరవై మూడేళ్ల మనిషి నెత్తిన బరువుతో పరిగెత్తి చూపించాలా? నేను అలా అడగలేదు. పైగా కోచింగ్ ఇచ్చాను. రోజూ రాత్రి అన్నాల దగ్గర, "అడుగు చిన్నది వెయ్యి అత్తా, మడమ మీద పడకు, రెండడుగులకి ఒకసారి ఊపిరి తీసుకో" అని చెప్పేదాన్ని. సిగ్గులేకపోతే సరి.

పడవల మోటార్లు బాగుచేసే మా ఆయన ఎప్పుడోగాని మాట్లాడడు. ఆయనే ఒకరోజు కంచంలోంచి తలెత్తకుండా అన్నాడు. "అమ్మా, మోకాళ్లు నీవి. బోర్డువి కావు."

"పోనీలేరా, బోర్డు మాట వినకపోతే దారి ఇవ్వడు" అంది అత్త.

ఆయన నా వైపు చూశాడు. నేను చారు వడ్డించాను.

మూడోవారం గ్రూపులో గడియారం గారు ఫొటో పెట్టాడు. ట్రాక్ మీద చేపనీళ్ల చార. కింద రాశాడు: 'అంతర్జాతీయ స్థాయి ట్రాక్, మన జనం స్థాయి ఇది.' ఇరవై మంది బొటనవేలు ఎత్తారు. నేను ఎత్తలేదు. నోరూ ఎత్తలేదు.

నాలుగు రోజులకి బోర్డు కింద ఇంకో పలక వచ్చింది: 'పరిగెత్తేవారి చేతుల్లో ఎటువంటి వస్తువులూ ఉండరాదు.' ఈలాయన ఈసారి ధీమాగా నిలబడ్డాడు.

అత్త మామూలుగానే రెండుసార్లు చదివింది. తర్వాత రెండు చేతులూ చాచి, అటూ ఇటూ తిప్పి చూపించింది. నెత్తిమీద గంప కదల్లేదు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆవిడ గంపకి చెయ్యి ఆనించి ఎరగదు.

"చేతులు ఖాళీ బాబూ. కావాలంటే వాసన చూసుకో."

పంతొమ్మిది మందీ చేతులు చాచారు. ఈలాయన ఒక్కో చేతినీ చూస్తూ పోయాడు. పాపం, అతని చేతిలో మాత్రం ఏముంది, పై ఆఫీసు వాళ్లు ఎలా రాస్తే అలా ఊదాలి. పక్కకి తప్పుకున్నాడు. ఆ రోజు నుంచి రేవులో ఒకళ్లనొకళ్లు పలకరించుకునే మాటే మారిపోయింది. "చేతులు ఖాళీయేనా వదినా?" "ఖాళీయే." నవ్వుకుంటూ పరుగు.

ఇంకో నెలన్నరలో ఊరంతటికీ పెద్ద పరుగుపందెం పెడుతున్నారని తెలిసింది. పది కిలోమీటర్ల పరుగుకి నా పేరు ఇచ్చాను. అప్పట్నుంచి నాకు టైము పిచ్చి పట్టింది. అయిదు కిలోమీటర్లు ముప్ఫై రెండు నిమిషాల్లోపు పరిగెత్తాలి. చెవుల్లో పాటలు, కళ్లు వాచీ మీద. గడియారం గారి వాచీల్లో ఒకటి నాకు అంటుకున్నట్టే ఉంది.

ఆ బుధవారం సన్నగా తుంపర పడి ఆగింది. ట్రాక్ తడిగా మెరుస్తోంది. నాలుగో కిలోమీటరులో ఉన్నాను, ఎప్పుడూ లేనంత హాయిగా పరిగెడుతున్నాను. ముందు ట్రాక్ మీద చేపలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఒక పక్కన నలుగురయిదుగురు ఆడవాళ్లు అటు తిరిగి వంగి ఉన్నారు. నా ముందు వెళ్తున్న ఇద్దరు చేపల్ని తప్పించుకుంటూ గెంతి వెళ్లిపోయారు. పాపం ఎవరిదో గంప పడినట్టుంది అనుకున్నాను. వాచీ చూసుకున్నాను. నేనూ గెంతి వెళ్లిపోయాను.

ముప్ఫై ఒక్క నిమిషం నలభై సెకన్లు. స్నానం చేసి, ఆ అంకె గ్రూపులో పెట్టి, డ్యూటీకి వెళ్లాను.

ఎక్స్‌రే గది తలుపు తీస్తే స్ట్రెచర్ మీద మా అత్త ఉంది.

చీర ఒకవైపంతా తడి. జుట్టులో రెండు మూడు పొలుసులు. ప్లేటు సర్దాను, లైటు సరిచేశాను, చేతులు వాటంతట అవే పనిచేశాయి. "ఊపిరి బిగబట్టు అత్తా" అన్నాను. బిగబట్టింది. "వదులు" అన్నాను.

వదిలి, పైకప్పు వైపు చూస్తూ అంది. "నువ్వు వెళ్లడం చూశాను. బాగా పరిగెడుతున్నావే. అడుగు నేలకి ఆనీ ఆననట్టు."

"నన్నా?"

"ముఖం కనబడలేదులే, కిందనుంచి ఏం కనబడుతుంది. నీ బూట్లు చూశాను. ఆకుపచ్చ తాడు."

దెప్పినట్టు అనలేదు. దెప్పి ఉంటే ఎంత బాగుండేది. "పిలవలేదేం?" అన్నాను.

"పిలిచాను. చెవుల్లో అవి పెట్టుకున్నావుగా" అంది.

తుంటి ఎముకలో వెంట్రుకంత బీట. ఆపరేషన్ అక్కర్లేదు, ఆరువారాలు మంచం దిగకూడదన్నాడు డాక్టరు. బరువు ఇక ఎత్తకూడదని కూడా అన్నాడు. అత్త ఆ రెండో మాట విననట్టు ఊరుకుంది.

ఇంట్లో నాలుగు రోజులు గిన్నెలు, గరిటెలు మాత్రమే మాట్లాడుకున్నాయి. అయిదోరోజు మా ఆయన చేతికి అంటిన గ్రీజు తుడుచుకుంటూ, "దాటి వెళ్లావంటగా" అన్నాడు. అవునన్నాను.

ఆ సాయంత్రమే గడియారం గారు గ్రూపులో రాశాడు. 'అయిదు రోజులైనా ట్రాక్‌కి చేపల కంపు వదల్లేదు. మొన్న ఒకావిడ పడింది కూడా. మన ఫిర్యాదు ఫలించింది, ఇక ఈ బెడద ఉండదు.' ఒళ్లు తెలియని కోపం వచ్చింది. 'ఆ పడిన ఒకావిడ మా అత్త. ఆవిడ నడుచుకుంటూ వెళ్లేది, మీరే పరిగెత్తించారు' అని రాశాను. తర్వాత ఆయన, 'అయ్యో, త్వరగా కోలుకోవాలి' అని చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. అదే చేత్తో, రేపటి పరుగు ఎన్ని గంటలకో పెట్టాడు. నేను గ్రూపులోంచి బయటికొచ్చేశాను.

మర్నాడు వెళ్లేసరికి బోర్డుకి మూడో పలక. 'మహిళల భద్రతను దృష్టిలో ఉంచుకుని, నమోదు చేసుకున్న క్రీడాకారులకు మాత్రమే ప్రవేశం.' గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. సెలవు పెట్టి ట్రాక్ ఆఫీసుకి వెళ్లాను. అక్కడి అధికారి నాకు కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇప్పించి, చాలా మర్యాదగా మాట్లాడాడు.

"మీ వాళ్ల క్షేమం కోసమేనమ్మా. పడిపోతున్నారు కదా."

"నడవనిస్తే పడరండి. ముప్ఫై ఎనిమిదేళ్లు పడలేదు."

"నడిస్తే పరిగెత్తేవాళ్లకి అడ్డం. అది పరుగు కోసం కట్టింది."

"ఎవరి ఒడ్డున కట్టారు?"

ఆయన ఫైలు మూశాడు. "మీరు కూడా పరిగెడతారట కదా, విన్నాను. మీకు తెలియనిదేముంది."

నేను కుర్చీలోంచి లేచాను. మెట్లు దిగుతుంటే కళ్లలో నీళ్లు వచ్చాయి. ఏడుపు కాదు, కోపమే. సగం ఆయన మీద, సగం నా మీద.

ట్రాక్ నమోదు రుసుము కట్టే స్తోమత లేక రేవు ఆడవాళ్లు చుట్టురోడ్డు పట్టారు. రోజూ గంట మోగాకే చేరేవాళ్లు. ఇరవై మందిలో ఆరుగురు మానేసి ఇళ్లల్లో పనికి కుదిరారు. మిగిలినవాళ్లు సాయంత్రాలు మా ఇంటికొచ్చి అత్త మంచం చుట్టూ కూర్చునేవాళ్లు. "ప్లీడరమ్మా, మంచం మీదనుంచే వాదించు" అనేవాళ్లు, నవ్వు రాకపోయినా నవ్వుతూ.

ఒకరోజు నేను పందెం కాగితం చించబోతుంటే అత్త ఆపింది. "అదేంటి? చదువు."

చదివాను. పది కిలోమీటర్లు, అయిదు కిలోమీటర్లు. చివర్న, కొత్తవాళ్ల కోసం 'సరదా పరుగు', కిలోమీటరున్నర. రేవు దగ్గర మొదలై, బజారు మెట్లు దాటిన తర్వాత గీత దగ్గర ముగుస్తుంది. నమోదు ఉచితం. స్త్రీలకు ప్రత్యేక స్వాగతం.

"షరతులు చదువు."

"'వయసుతో నిమిత్తం లేదు. ఎంత సమయం పట్టినా ఫర్వాలేదు, సమయ పరిమితి లేదు. నంబరు ధరించినవారు గీత దాటేవరకు క్రీడాకారులుగా పరిగణించబడతారు.'"

"మళ్లీ చదువు. ఆ చివరిది."

మళ్లీ చదివాను. అత్త కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"గీత దాటకపోతే?" అంది.

నేను కాగితం చూశాను, అత్త ముఖం చూశాను. మంచం చుట్టూ ఉన్నవాళ్లలో ఒకావిడ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన గుమ్మంలో నిలబడి వింటున్నాడు. ఎన్నాళ్లకో ఆయన నవ్వడం విన్నాను.

మర్నాడు నాతో కలిపి పద్నాలుగు పేర్లు రాయించాను. అత్తదీ కలిపితే పదిహేను. నా పేరు పది కిలోమీటర్ల నుంచి కొట్టించి సరదా పరుగులో రాయించాను. నమోదు బల్ల దగ్గర అమ్మాయి, "పెద్దవాళ్లు ఇంతమంది వస్తున్నారా, ఎంత బాగుందో" అని మా ఫొటో తీసుకుంది.

పందెం రోజు తెల్లవారగానే అత్త నన్ను మంచం పక్కన కూర్చోబెట్టుకుని, పాదం ఒళ్లోకి లాక్కుంది. వద్దన్నా వినలేదు. ఆకుపచ్చ తాడు విప్పి, వల ముడి వేసి బిగించింది. "ఇది ఊడదు" అంది. తర్వాత తన గంప చూపించింది. నేను తీసుకున్నాను.

రేవులో గంప నెత్తికెత్తారు. మెడ భుజాల్లోకి దిగబడిపోయినట్టయింది. ఆ రోజు తుంటితోపాటు తీసిన మెడ ఎక్స్‌రేలో ఆవిడ ఎముకలు ఒకదానిమీద ఒకటి ఎందుకలా అరిగి ఉన్నాయో అప్పుడర్థమయింది. రెండు చేతులతోనూ గంప పట్టుకున్నాను.

"చెయ్యి దించమ్మా కోడలా, బోర్డు చదవలేదా?" అంది పక్కావిడ. అందరూ నవ్వారు. ఒక చెయ్యి దించాను. రెండోది దించడానికి సగం దూరం పట్టింది.

ఈలాయన మా నంబర్లు చూశాడు, గంపలు చూశాడు, చేతులు చూశాడు. "వెళ్లండి" అన్నాడు. చప్పట్లు కొట్టేవాళ్లు కొట్టారు, ముక్కు మూసుకునేవాళ్లు మూసుకున్నారు. మేము పరిగెత్తలేదు. మా నడకకే ఎవరైనా పరుగని పేరు పెట్టుకుంటే పెట్టుకోనీ. బజారు మెట్ల దగ్గరికి వచ్చేసరికి ముందు తెల్లగీత, మీద రంగుల తోరణం. గీత అవతల గడియారం గారు పతకాలు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన రెండు వాచీలూ చూసుకుంటూ, "రండి రండి, ఇంకో పదడుగులే" అంటున్నాడు.

పదడుగులూ వేయకుండానే మెట్లు దిగాం. గంట అప్పటికింకా కొట్టలేదు.

మర్నాడు ఫలితాలు అచ్చువేసి బోర్డు పక్కనే అంటించారు. ప్రతి పేరుకీ ఎదురుగా నిమిషాలు, సెకన్లు ఉన్నాయి. చివర మా పదిహేను పేర్లకి ఎదురుగా కంప్యూటరు ఒకే మాట కొట్టింది: 'పరుగులో ఉన్నారు.'

ఆ కాగితం తన కళ్లతో చదవాలని అత్త పట్టుబట్టింది. ఇంకో రెండు వారాలకి, డాక్టరు లేవచ్చన్న మర్నాడే చేతికర్రతో రేవుకొచ్చింది. రవికెకి పిన్నీసుతో నంబరు పెట్టుకుంది. ఆ రెండు వారాలూ మిగతా అందరూ రోజూ అలాగే వస్తున్నారు. నేను కూడా అత్త గంపని బజారుకి చేర్చి డ్యూటీకి వెళ్తున్నాను. అత్త కాగితం రెండుసార్లు చదివి తల పంకించింది.

"పందెం అయిపోయి పదిహేను రోజులైందమ్మా" అన్నాడు ఈలాయన, చేతికర్ర వైపు చూస్తూ. "ఎప్పటికి పూర్తవుతుంది మీ పరుగు?"

"తొందరేముంది బాబూ. ఎంత సమయం పట్టినా ఫర్వాలేదని మీవాళ్లే రాశారు."

అతను బోర్డు వైపు తిరిగి చూశాడు. నాలుగో పలక రేపో మాపో వస్తుందని అతనికీ తెలుసు, మాకూ తెలుసు. రానీ. చదివే మనిషి మాకుంది.

అత్త కర్ర ఆనించుకుంటూ నడిచింది. నెత్తిన గంపతో నేను పక్కనే నడిచాను. పరిగెత్తేవాళ్లు మా రెండు పక్కల నుంచీ వెళ్లిపోతున్నారు. తుంపర రోజు చేపలు పడిన చోటికి వచ్చేసరికి నా కాళ్లు ఆగిపోయాయి. రెండడుగులు ముందుకి వేసి అత్త వెనక్కి చూసింది. నేను ఎందుకు ఆగానో ఆవిడకి చెప్పక్కర్లేకపోయింది. వెనక్కి వచ్చి నా పక్కన నిలబడింది.

అక్కడ నిలవరాదని బోర్డు. ఇద్దరం నిలబడ్డాం. ఈల ఎక్కడా వినబడలేదు.

"పదవే" అంది అత్త. "గంట కొట్టేస్తారు."